నల్లా పైపుకు ఊక దుప్పటి

1988 నవంబరు 20, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా మరిది వంటింటి గడప దగ్గర నిలబడి, "వదినా, మనింట్ల ఖాళీ గోనె సంచులు ఎన్ని ఉన్నయి?" అని అడిగాడు. మొదలైంది అప్పుడే. నేను పప్పు ఏరుతున్నాను. మా ఆయన వసారాలో రేడియో పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"నల్లా పైపుకు సుట్టాలె. సలి ముదురుతున్నది. నీళ్లు గడ్డకడ్తే పైపు పల్గుతది."

"ఎక్కడ గడ్డకట్టేది?"

"గీడనే. మనింట్లనే."

మా ఇల్లు సూర్యాపేటలో ఉంది. వేసవిలో ఈ ఊళ్లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. చలికాలంలో తెల్లవారుజామున స్నానం చేసేవాడికి పళ్లు కొట్టుకుంటాయి, ఒప్పుకుంటాను. అంతకు మించి ఈ ఊరి చలి ఎవరికీ ఏ నష్టమూ చేసిన దాఖలా లేదు. ఆ మాటే మరిదితో అన్నాను. "నీకు ఎర్కలేదు వదినా" అని ఆయన కొట్టుగదిలోకి వెళ్లి తనే సంచులు లెక్కపెట్టుకున్నాడు.

మా మరిది ఆ ఏడాది ఏప్రిల్‌లో మిలట్రీ నుంచి పింఛను మీద వచ్చేశాడు. ఇరవై రెండేళ్లు చేశాడు. అందులో చివరి ఆరేళ్లు మంచు కొండల మీద, ఏడాదిలో ఎక్కువ నెలలు నేల కనపడని చోట. పెళ్లి చేసుకోలేదు. మాటతీరు మంచిది, తాగడు, ఎవరి జోలికీ పోడు, తన బట్టలు తనే ఉతుక్కుంటాడు. ఇవన్నీ నిజమే కాబట్టి ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టంగా ఉండేది. తెచ్చుకున్నా ఇంట్లో నా వైపు ఎవరూ నిలబడేవారు కాదు.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకు వెళ్లిపోయేవాడు. నేను 1984 జూన్ నుంచి మా ఇంట్లో మెస్సు నడిపేదాన్ని. ఆ చలికాలానికి తినేవాళ్లు ఇరవై ఆరుగురు: బదిలీ మీద వచ్చి కుటుంబం తెచ్చుకోని పంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు లారీ డ్రైవర్లు. రెండు పూటలా అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసో చారో, మజ్జిగ. మా ఇద్దరాడపిల్లల చదువు, ఇంటి ఖర్చు ఆ మెస్సు మీదే నడిచేవి. మా ఆయన జీతం మిర్యాలగూడలో ఆయన గది కిరాయికి, తిండికి, రానూపోనూ బస్సులకు పోగా చేతికి వచ్చేసరికి దాని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

మెస్సుకు ప్రాణం బియ్యం. ఏడాది పాతవి అయితే అన్నం పువ్వులా విడుతుంది. కొత్తవి వండితే ముద్ద అవుతుంది, మూడో రోజుకు తినేవాళ్లు ఇంకో మెస్సు వెతుక్కుంటారు. మా ఆయన మిల్లు నుంచి ఏటా సన్న బియ్యం తెప్పించేవాడు. వాటిని ఒక ఏడాది పాటు కొట్టుగదిలో చెక్కల మీద పేర్చి, పాతబడ్డాక వాడేదాన్ని. ఆ కొట్టుగదికి ఉత్తరపు గోడే ఇంటి ఉత్తరపు గోడ. మా ఆయన తాత కాలంలో కాళ్లతో తొక్కిన మట్టితో పెట్టారు. మూరెడు మందం, లోపలా బయటా సున్నం పూత, పైన బెంగుళూరు పెంకులు. మట్టి గోడ ఎండకు భయపడదు, గాలికి భయపడదు. అడుగున తడి నిలిస్తే మాత్రం చెప్పకుండా కూర్చుంటుంది. వేరే గది లేదు, బియ్యం పెట్టుకునే వేరే చోటు లేదు. ఆ గోడ పోతే నా మెస్సు పోయినట్టే.

నల్లా పైపు ఆ గోడ పక్కనుంచే రావలసి వచ్చింది, ఎందుకంటే ఊరి నీళ్ల లైను ఉత్తరపు సందులో ఉంది. 1987లో కనెక్షన్ వచ్చినప్పుడు పైపు బిగించే మిస్త్రీ దాన్ని గోడకు ఆనించి, మొలలు కొట్టి పోదామని చూశాడు. నేను ఒప్పుకోలేదు. నేలకు జానెడు పైన, గోడకు జానెడు దూరంగా, ఇనుప కొక్కేల మీద నిలబెట్టించాను. దారిలో పైపు ముక్కలు కలిసే కీళ్లు మూడు. రోజూ పొద్దున ఆరు నుంచి ఏడు వరకు నీళ్లొస్తాయి. ఏడింటికి నల్లా ఆగాక ఆ సందులోకి వెళ్లి మూడు కీళ్లనూ చేత్తో తడిమి చూసేదాన్ని. పొడిగా ఉంటే వంట మొదలుపెట్టేదాన్ని. చెయ్యి తడిస్తే మిస్త్రీకి కబురు పెట్టేదాన్ని. ఆ పైపుకు నేను చేసిన కాపలా ఇంతే. దానికి ఏ దుప్పటీ అక్కర్లేదు.

"ఏమయ్యా, మీ తమ్ముడు పైపుకు గోనెలు చుడతాడట" అని మా ఆయనతో అన్నాను.

ఆయన చెంప మీది నురగ తుడుచుకుంటూ, "సుట్టనియ్యి. నీకేం పోతది? వాడు మంచుల చేసి వచ్చినోడు" అన్నాడు.

"ఇక్కడ మంచేదీ?"

"వాని తృప్తికి సుట్టుకుంటడు. జర ఊరుకోరాదే."

ఇది మా ఆయన తీర్పు. ఆరు రోజులు మిర్యాలగూడలో ఉండి ఏడో రోజు ఇచ్చే తీర్పులన్నీ ఇలాగే ఉండేవి.

నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రం ఒక ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి పెరట్లో నీళ్లు పట్టుకునే సిమెంటు తొట్టి గట్టు మీద పెట్టాను. తెల్లవారి మరిదిని పిలిచి చూపించాను. మరునాడూ పెట్టాను. అలా ఐదు రోజులు. ఐదో రోజు ఆయన పళ్లెంలో వేలు ముంచి తీశాడు.

"గడ్డ ఉన్నదా?" అన్నాను.

"పళ్లెంల నీళ్లు వేరు, పైపుల నీళ్లు వేరు వదినా. నల్లా బందైనంక పైపుల నీళ్లు రాత్రంత కదలకుండ ఉంటయి."

"మరి పళ్లెంలో నీళ్లు రాత్రంతా జాతరకు పోయి వచ్చినయా?"

వసారాలో అన్నం తింటున్నవాళ్లు నవ్వారు. మరిది కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ రోజు సాయంత్రానికి పైపు పొడవునా గోనె పట్టీలు చుట్టి, సుతిలి తాడుతో జానెడుకొక ముడి వేసి, ముడుల చివర్లు సమానంగా కత్తిరించాడు. పని మాత్రం చక్కగా చేశాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

మా మెస్సులో తినే లారీ డ్రైవరు ఒకడు మేళ్లచెరువు నుంచి సిమెంటు తోలేవాడు. చేతులు కడుక్కోవడానికి సందులోకి వెళ్లి, ఆ పైపును చూసి కేక పెట్టాడు. "మిలట్రీ బాపూ! మా లారీకి గూడ ఒక స్వెటర్ కుట్టరాదు? పొద్దుగాల స్టార్ట్ అయితలేదు."

"నీ లారీకి గాదురా, నీ నోటికి కుట్టాలె" అన్నాడు మరిది.

నాకు నవ్వు రాలేదు. గోనె కింద మూడు కీళ్లు ఎలా ఉన్నాయో నాకు కనిపించడం లేదు. పైనుంచి తడిమితే గోనె తెల్లవారుజామున తేమ పట్టి ఎలాగూ చల్లగానే ఉంటుంది. తడి దేనిదో చెప్పలేం.

ఫిబ్రవరి రెండో వారంలో కత్తిపీట పట్టుకెళ్లి నేనే ఆ పట్టీలు కోసి పారేశాను. మధ్య కీలు దగ్గర గోనె కుళ్లి నల్లబడి ఉంది. మిస్త్రీ వచ్చి నార చుట్టి, నీళ్లు కారకుండా సఫేదా ముద్ద పూసి బిగించాడు. మరిదిని పిలిచి చూపించాను. నా చేతికి సాక్ష్యం దొరికిందని అనుకున్నాను.

"చూడు. కారింది. నువ్వు చుట్టబట్టి నాకు కనపడలేదు."

ఆయన ఆ కుళ్లిన గోనెను తిప్పి తిప్పి చూశాడు. "సుట్టినం గాబట్టి గింతనే కారింది వదినా. సుట్టకుంటే ఎంత కారునో?"

నేను ఆ గోనెను ఆయన చేతిలోంచి లాక్కుని పెంటకుప్ప మీద విసిరేశాను.

ఆ వేసవిలో ఒక సాయంత్రం నాతో పాటు చింతపండు గింజలు తీస్తూ ఆయనే చెప్పాడు. ఆ కొండ మీద వాళ్ల గుడారాలకు నీళ్లు తెచ్చే పైపు ఒకటి ఉండేదట. దాని చుట్టూ చెక్కపెట్టె కట్టి, పెట్టెనిండా రంపపు పొట్టు కూరేవారట. ఒక ఏడు పొట్టు తడిసిందని ఎండబెట్టడానికి తీశారు. ఆ రాత్రే పైపు నిలువునా చీలింది. పదకొండు రోజులు మంచు గిన్నెల్లో వేసి కరిగించుకుని తాగారు. "కట్టెలకు కట్టెలు లేవు వదినా. గిన్నెడు మంచు కరిగిస్తే గ్లాసెడు నీళ్లు గూడ గావు. ఆ పైపు డ్యూటీ నాది" అన్నాడు. నేను విన్నాను. ఆ కష్టం తక్కువదని అనలేదు. కానీ అది అక్కడి పైపు, ఇది ఇక్కడి గోడ. ఆ రెంటినీ విడదీసి ఆయన తలకు ఎక్కించడం నాకు చేతకాలేదు, ఇంకెవరూ ప్రయత్నించలేదు.

1989 నవంబరు రాగానే నేను ముందే అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. కొట్టుగదిలోంచి ఒక్క గోనె సంచి బయటికి పోవడానికి వీల్లేదని. "సరే వదినా, గోనెలు ముట్ట" అన్నాడు మరిది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానపడి ఉంటే బాగుండేది, కానీ ఇరవై ఆరుగురికి వండేదానికి అనుమానాలకు తీరిక ఎక్కడిది?

డిసెంబరులో కోదాడలో మా అమ్మ కాలు జారి పడింది. మెస్సు వంట ఎదురింటి ఆమెకు అప్పజెప్పి నాలుగు రోజులకు వెళ్లాను. అక్కడ మా అన్నకు పైపు సంగతి చెబితే ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చుని నవ్వాడు.

"ఏమేవ్, సూర్యాపేటలో మంచు పడుతుందని మాకు కబురన్నా చెయ్యలేదేంటి? చూడ్డానికి వచ్చేవాళ్లం కదా!"

"నవ్వకు అన్నయ్యా. గోడ పక్కన పైపు అది."

"అయితే గట్టిగా చెప్పు మీ మరిదికి."

"చెప్పాను."

"మీ ఆయన చేత చెప్పించు."

"ఆయన తమ్ముడి మాటే వింటాడు."

"అయితే ఇంక ఆ మంచుకే చెప్పుకో, పడొద్దని" అన్నాడు మా అన్న. పుట్టింటివాళ్ల సాయం ఆ మాత్రం దొరికింది.

డిసెంబరు 14, గురువారం మధ్యాహ్నం మూడింటికి సూర్యాపేటలో బస్సు దిగి ఇంటికి వచ్చాను. సందులోకి తిరగ్గానే ఆగిపోయాను. ఉత్తరపు గోడ పొడవునా ఇటుకలతో మోకాలెత్తు కట్ట ఒకటి లేచి ఉంది. కట్టకూ గోడకూ నడుమ పైపు, దాని చుట్టూ గట్టిగా కూరిన వడ్ల ఊక. పైన నాపరాళ్లు పరిచి సందులు మట్టితో మెత్తారు. మంచు కొండ మీద రంపపు పొట్టు ఎలా కూరారో ఇక్కడ ఊక అలా కూరాడన్నమాట. ఊక ఎక్కడిదో నాకు అడగక్కర్లేకపోయింది. మెస్సులో నాది ఊక పొయ్యి. మా ఆయన మిల్లు లారీలో పది సంచుల ఊక పంపుతానని పోయిన ఆదివారమే చెప్పాడు. పొయ్యి దగ్గర చూస్తే మూడు సంచులున్నాయి.

"నా పొయ్యి ఊక ఏడు సంచులు పైపుకు పెట్టావా?"

"అన్నకు చెప్పిన వదినా. పొయ్యికి ఇంకో లోడు పంపుతనన్నడు."

"మీ అన్నకు తెలిసే చేశావా?"

"ఇటుకలు గూడ అన్ననే సూపిచ్చిండు. పాత బాయి కాడివి."

అంటే నేను కోదాడ బస్సు ఎక్కక ముందే ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను ఊళ్లో ఉండని నాలుగు రోజుల కోసం ఎదురుచూశారు.

"విప్పు" అన్నాను.

"సలికాలం పోంగనే ఇప్పుత."

"రోజూ కీళ్లు చూసుకోవాలి నేను."

"కీళ్లకు ఏం గాదు. కొత్త నార సుట్టించిన. మిలట్రీ పని వదినా ఇది, పదేండ్లుంటది."

ఆ పూట తినడానికి వచ్చినవాళ్లు ఆ నాపరాళ్ల మీద వరసగా కూర్చున్నారు. అంతకు ముందు తమ వంతు వచ్చేదాకా సందులో నిలబడేవారు. ఇప్పుడు కూర్చోవడానికి అరుగు దొరికింది. "మంచిగ కట్టిండు మిలట్రీ బాపు, నడుము ఆనుకోనీకి గోడ గూడ ఉన్నది" అన్నాడు సిమెంటు డ్రైవరు. ఒక పంతులుగారు అక్కడ కూర్చుని పేపరు చదవడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో ఆ సందుకు ఒక దర్బారు తయారైంది. ఇక నేను దాన్ని విప్పమంటే ఇరవై ఆరుగురి సుఖానికి అడ్డం పడుతున్న మనిషినయ్యాను.

"అక్కా, ఎండాకాలం దాంక ఉండనియ్యరాదు?"

"ఎందుకు ఇప్పుడు పరేషాన్ అయితరు అక్కా?"

నేను కీళ్లు తడమలేను. కాబట్టి వేరే దారి చూసుకున్నాను. తొట్టి. గంట నీళ్లొస్తే తొట్టి ఎంత నిండాలో నాకు తెలుసు. అంచుకు రెండు వేళ్లు తక్కువ. జనవరి రెండో వారానికి అది జానెడు తక్కువ నిండుతోంది. బిందెతో పోసి చూశాను. ఆ జానెడు ఎనిమిది బిందెలు.

మరిదిని తొట్టి దగ్గరికి పిలిచాను. "రోజుకు ఎనిమిది బిందెలు తక్కువ వస్తున్నయి. ఎక్కడికి పోతున్నయి?"

"సలికి నీళ్లు మందంగ నడుస్తయి వదినా."

"నీళ్లకు ఏమన్నా మోకాళ్ల నొప్పులా?"

"మీదికెళ్లి తక్కువ ఇడుస్తుండొచ్చు."

పక్కింటికి వెళ్లి అడిగి వచ్చాను. వాళ్ల తొట్టి ఎప్పటిలాగే నిండుతోంది. అదీ చెప్పాను. "వాళ్ల పైపు పొట్టిది" అన్నాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక మాట ఉండేది. అబద్ధం కాదు, నమ్మి చెప్పేవాడు. అదే నా పాపం.

తరువాతి వారం కొట్టుగదిలో బియ్యం తీయడానికి వంగితే తడిసిన ఊక వాసన వచ్చింది. బస్తాల వెనక చెయ్యి పెట్టి గోడ తడిమాను. సున్నం పొట్టు పొట్టుగా రాలి చేతికి అంటింది. మూరెడు ఎత్తుదాకా గోడ ముదురు రంగుకు తిరిగింది. అడుగు బస్తా మూల చల్లగా ఉంది. అప్పుడు గదిలో పాత బియ్యం బస్తాలు పదకొండు ఉన్నాయి. మరిదిని లోపలికి తెచ్చి ఆయన చెయ్యి పట్టుకుని గోడకు ఆనించాను.

చేతికి అంటిన సున్నాన్ని వేళ్లతో నలిపి చూశాడు. తరువాత, "సలికి మట్టి గోడలు గిట్లనే సెమ్మగిల్తయి గదా" అన్నాడు. కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"ఇవాళే విప్పు."

"అన్న రానియ్యి. అన్నను అడిగి ఇప్పుత."

"అన్నను అడిగి? గోడ అన్నను అడిగి తడుస్తుందా?"

కట్టడానికి అన్న ఒప్పుకున్నాడు కాబట్టి విప్పడానికీ అన్న ఒప్పుకోవాలి. మిలట్రీలో ఎవరి హుకుం మీద ఎక్కిన పని వాళ్ల హుకుం మీదే దిగుతుందట. నేనే గడ్డపార తీసుకుని వెళితే, అరుగు మీది పెద్దమనుషులంతా లేచి నిలబడి, "అయ్యో అక్కా, మీరెందుకు, సారు వచ్చినంక మేం ఇప్పుతం గదా" అని గడ్డపార చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించి పెట్టారు. ఆనించింది అదే గోడకు.

సిమెంటు డ్రైవరు మిర్యాలగూడ మీదుగా వెళుతుంటే కబురు పంపాను. "గోడ తడుస్తోంది, వెంటనే రమ్మను" అన్నాను. అతను తిరిగి వచ్చి చెప్పాడు. "అక్కా, సారుకు చెప్పిన. మిల్లుల కొత్త వడ్లు దిగుతున్నయంట. ఆదివారం వస్తనన్నడు."

ఆ ఆదివారం, 1990 జనవరి 28, మా ఆయన వచ్చేసరికి సాయంత్రం ఆరు. కొట్టుగదిలోకి వెళ్లి చూశాడు, తడిమాడు, వాసన చూశాడు. బయటికి వచ్చి తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు నేల చూశాడు.

"ఇప్పాలె రా" అన్నాడు మా ఆయన.

"ఇప్పుత అన్నా."

"ఎప్పుడు?" అన్నాను నేను.

"పొద్దు గుంకింది. లాంతరు పట్టుకొని ఇటుకలు తీస్తమా? రేపు పగటి అన్నాలు అయినంక ఇప్పుతడు తియ్యి."

"అన్నాలు అయ్యేదాకా ఎందుకు?"

"తినేటోళ్లు ఎక్కడ కూసుంటరే?"

"నిలబడతారు. కాళ్లు లేవా వాళ్లకు? పోనీ నల్లా వాల్వు అన్నా ఇప్పుడే కట్టేయండి. వీధిలో బోరింగు నుంచి నీళ్లు నేను మోసుకొస్తాను."

"ఇరవై ఆరుగురికి బోరింగు నీళ్లు మోస్తవా? సోమవారం పూట? ఇన్నొద్దులు ఆగింది, ఒక్క పూట ఆగదా?"

"బస్తాలైనా ఈవలికి లాగండి ఇద్దరూ కలిసి."

"పొద్దుగాల లాగుదం."

పొద్దున లాగడానికి ఆయన లేడు. మొదటి బస్సుకు మిర్యాలగూడ వెళ్లిపోయాడు. మరిది ఒక్కడే రెండు బస్తాలు ఈవలికి లాగి, నడుము పట్టుకుని, మూడోదానికి మనిషిని తెస్తానన్నాడు. ఆరింటికి నల్లా వచ్చింది, ఏడింటికి పోయింది. నేను పొయ్యి మీద పప్పు పెట్టాను.

పదీ నలభైకి కొట్టుగదిలో ఎవరో పెద్ద దుప్పటి దులిపినట్టు చప్పుడైంది. తరువాత పెంకుల చప్పుడు. నేను గరిటె పట్టుకునే పరుగెత్తాను. కొట్టుగది తలుపు తీస్తే ఎదురుగా సందు కనపడింది, సందుకు అవతలి ఇల్లు కనపడింది, ఆ ఇంటి కిటికీలోంచి చూస్తున్న ముసలమ్మ కనపడింది. గోడ అడుగున మెత్తబడి బయటికి ఒరిగి, ఆ అరుగు మీదే పడింది. పైన పెంకులు ఆసరా పోయి గదిలోకి జారాయి. బస్తాలు పిగిలి బియ్యం మట్టిలో కలిసిపోయాయి. అన్నాల వేళకు ఇంకా గంటకు పైగా టైముంది కాబట్టి అరుగు మీద ఎవరూ లేరు.

మరిది పెరట్లో బట్టలు ఉతుకుతున్నవాడు తడి బనీనుతోనే వచ్చాడు. "వదినా! పానం మంచిగున్నదా?"

"నా పానం బాగుంది. గోడ ఏదీ?"

ఆయన సందు మొదట్లోకి పరుగెత్తి వాల్వు కట్టేసి వచ్చాడు. నల్లా పోయి నాలుగు గంటలు కావస్తుంటే వాల్వు కట్టి ప్రయోజనం ఏమిటో ఆయనకే తెలియాలి. తరువాత చేతులతోనే మట్టి తవ్వాడు. నల్లగా కుళ్లిన ఊక ముద్దలు ముద్దలుగా వచ్చింది. పైపు బయటపడింది. వంగింది గానీ విరగలేదు. మధ్య కీలు దగ్గర నార ఊడి వేలాడుతోంది. ఆయన బనీను అంచుతో ఆ కీలు తుడిచి, చాలాసేపు చూసి, "పైపు పల్గలే వదినా. కీలు వదులైంది గంతే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి పప్పు దించాను, అది అడుగంటింది.

పన్నెండింటికి తినేవాళ్లు వచ్చారు. సందులో మట్టికుప్ప చుట్టూ నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాము రోజూ ఎక్కడ కూర్చునేవారో దాని మీద ఇప్పుడు ఏముందో చూసి కొందరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఎప్పుడూ నోరు మూయని డ్రైవరు మెల్లగా, "అక్కా... అన్నం ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది. మాడు వాసన వస్తుంది, తింటారా?"

తిన్నారు. వసారాలో మట్టి దుమ్ము ఇంకా ఆడుతుంటే, అందరూ కంచాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నారు. మరిది వడ్డించాడు. అంతమందీ కలిసి నా ఇంట్లో తిన్న ఆఖరి అన్నం అదే. సాయంత్రం నుంచి మెస్సు లేదని నేనే చెప్పాను. పెంకులు ఇంకా జారుతున్న ఇంట్లోకి మనుషులను ఎలా పిలుస్తాం?

మా ఆయన మంగళవారం వచ్చాడు, శనివారం దాకా ఆగకుండా. అదొక విశేషం. వచ్చి, "నువ్వు చెప్తనే ఉంటివి" అన్నాడు. ఆ మాట నాకు ఎందుకూ పనికి రాలేదు. ఇటుక గోడ పెట్టించేసరికి ఎండాకాలం అయిపోయింది. కూలీలతో పాటు మరిది కూడా రోజూ తట్టలు మోశాడు, ఒక్క రోజు నాగా పెట్టలేదు. గోడ పూర్తయ్యాక, అన్న ఉండే మిర్యాలగూడలోనే ఒక మిల్లులో కాపలా పని చూసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేరోజు నాతో, "వదినా, కొత్త గోడకు తడి తగలనియ్యకు" అన్నాడు. నాతోనే అన్నాడు! నేను తల ఊపాను. అంతకు మించి నాకు ఓపిక లేదు.

మెస్సు 1990 జూలై 2న మళ్లీ తెరిచాను. ఐదు నెలలు వేరే చోట్ల తిన్నవాళ్లు అక్కడే అలవాటు పడ్డారు. కొందరికి బదిలీలయ్యాయి. పాత బియ్యం లేక కొత్త బియ్యంతో వండాను, వచ్చినవాళ్లు ముద్ద అన్నం చూసి మొహమాటానికి ఒక వారం తిని మానేశారు. తొమ్మిది మందితో తొమ్మిది నెలలు లాగాను. తొమ్మిది మందికి వండినా పొయ్యి ఇరవై ఆరుగురికి మండినంతా మండాలి. 1991 మార్చి 31 రాత్రి భోజనాలతో మూసేశాను. పిల్లల ఫీజులకు ఆ తరువాత మిషను కుట్టాను.

పోయినవి ఇవి.

ఉత్తరపు గోడ, పద్దెనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు, మొత్తం. బెంగుళూరు పెంకులు నాలుగు వందల పది, పక్కవి పగిలినవి కలపకుండా. రెండు దూలాలు. పాత బియ్యం పదకొండు బస్తాల్లో ఏడు పూర్తిగా మట్టిలో. రెండు తడిసి ముక్కిపోయి గేదెలకు. రెండు మిగిలాయి. ఊక ఏడు సంచులు. ఇత్తడి గుండిగ ఒకటి, పెంకు తగిలి చొట్టపడింది, తరువాత నీళ్లకు తప్ప వంటకు పనికిరాలేదు. తినేవాళ్లు ఇరవై ఆరుగురిలో పదిహేడు మంది, ఆ తరువాత మిగిలిన తొమ్మిది మంది. మెస్సు, ఆరు సంవత్సరాల పది నెలలు నడిచింది, అందులో ఐదు నెలలు మూత. మనుషులకు దెబ్బలు లేవు. పైపు పగల్లేదు.